ఇన్నూరు చిరునామాలు చాలును

మన నేతపనివారి కష్టము ఎక్కడ నున్నదని అడిగినచో నూలు ధరలో నున్నదని కొందరు, కూలిలో నున్నదని కొందరు, మరమగ్గముల పోటీలో నున్నదని మరికొందరు చెప్పుదురు. అవన్నియు నిజమే. కాని వీటి వెనుక మరియొక లోటు కలదు. తాను నేసిన చీరను ఎవరు కట్టుకొన్నారో నేసినవానికి తెలియదు. మగ్గము దిగిన చీర మాస్టరు వీవరు చేతికి, అచ్చటినుండి టోకు వర్తకునికి, అచ్చటినుండి బజారు షాపునకు పోవును. కట్టుకొన్న ఇల్లాలికి ఆ చీర నచ్చినను, రంగు వెలిసినను, అటువంటిదే మరియొకటి కావలసి వచ్చినను, ఆ మాట షాపు గడప దాటి మన గుంట మగ్గము వరకు రాదు. గిరాకీ ఎవరికి తెలియునో వ్యాపారము వారిది. మనకు మిగులునది కూలి.

ఈ లోటును కొంతవరకైనను తీర్చగల సాధనము నేడు మన చేతి ఫోనులోనే యున్నది. అది ఈమెయిలు. దానిని గురించి ఈనాడు తరగతులు పెట్టువారు, పుస్తకములు వ్రాయువారు చాలమంది కలరు. వేల చిరునామాలు కూడబెట్టుడు, వారమువారము ఉత్తరములు పంపుడు, సరకు దానంతటదే అమ్ముడుపోవును అని వారి బోధ. ఆ బోధ మిల్లులకు, పెద్ద షాపులకు తగినది. మన మగ్గమునకు తగినది కాదు. నేను ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. కొన్నవారి చిరునామాలు, వారి అనుమతితో, మన సొంత పుస్తకములో నుండవలెను. వారికి మితముగా, నిజముగా, సకాలములో ఉత్తరము వ్రాయవలెను. చిన్న నేత ఇంటికి అట్టి చిరునామాలు ఇన్నూరు చాలును. పదివేలు అక్కరలేదు సరికదా, అవి హాని కూడ చేయును.

మగ్గమునకు తగిన లెక్క

రెండు మగ్గములున్న ఇంటిని తీసికొందము. నేత రకమును బట్టి ఇది మారునుగాని, లెక్క కొరకు నెలకు 8 చీరలు దిగుననుకొందము. ఏడాదికి 96. పండుగలు, జబ్బులు, గుంటలో నీరు దిగు వానరోజులు తీసివేయగా 90 చీరలు మిగులును. ఇప్పుడు ఆ ఇంటివారి పుస్తకములో ఇదివరకు తమ చీర కొని మెచ్చుకొన్నవారి చిరునామాలు 200 ఉన్నవనుకొందము. అందులో మూడవ వంతు మంది ఏడాదికి ఒక్క చీర చొప్పున తీసికొన్నను 66 చీరలు నేరుగా పోయినట్లే. నాలుగవ వంతు మందియే కొన్నను 50 చీరలు పోవును. మిగిలినవాటికి మాస్టరు వీవరు వద్దకే పోవచ్చును. కాని 90 చీరలు భుజాన వేసికొని, ఈ శుక్రవారము డబ్బు రానిదే నూలు రాదన్న భయముతో అతని గుమ్మము ముందు నిలుచుట వేరు. పాతిక చీరలు పట్టుకొని, నచ్చినచో ఇత్తును లేనిచో లేదు అన్న ధైర్యముతో నిలుచుట వేరు. ఆ ధైర్యమునకే విలువ.

ఇట్టి ఫలితము మొదటి ఏడాదిలోనే వచ్చునని ఎవరును అనుకొనరాదు. ఇన్నూరు చిరునామాలు కూడుటకే రెండు మూడేండ్లు పట్టవచ్చును.

పదివేల చిరునామాల సంగతి చూడుడు. పడుగుపై నాలుగు చీరలున్నవి. పదివేల మందికి ఉత్తరము పోయినది. నూటికి ఒక్కరు అడిగినను నూరుగురు అడుగుదురు. నలుగురికి చీర దొరకును; తొంబదియారుగురికి లేదని చెప్పవలెను. రెండవ మారు వారు మన ఉత్తరము తెరువరు. మిల్లు సరకునకు ఎక్కువ ఉత్తరములు కావలెను, ఏలయన అక్కడ సరకు గుట్టలుగా నున్నది, కొనువాడు కావలెను. మన వద్ద సరకు కొద్ది. మనకు కావలసినది జనసమూహము కాదు, మనలను ఎరిగిన కొద్దిమంది.

చిరునామా అడుగు తీరు

చిరునామా ఎక్కడ దొరకును? ప్రదర్శనలలో, ఇంటి గుమ్మములో, బిల్లు వ్రాయునపుడు. చేనేత ప్రదర్శనలకు పోవు మనవారు పది దినములు నిలబడి అమ్మి, డబ్బు లెక్కపెట్టుకొని, మిగిలిన మూట కట్టుకొని వచ్చుచున్నారు. కొన్నవారు ఎవరో మరునాటికి గుర్తుండదు. ఆ పది దినముల స్టాలు అద్దె, రైలు ఖర్చు, బస ఖర్చు అన్నియు ఆ ఒక్క అమ్మకముతోనే తీరిపోవలసి వచ్చుచున్నది. బిల్లు పుస్తకములో మరి రెండు గీతలు గీసి, “కొత్త పడుగు ఎక్కించినపుడు మీకు తెలియజేయవచ్చునా అమ్మా?” అని అడిగినచో కాదనువారు కాదందురు, అవునన్నవారు తామే వ్రాసి ఇత్తురు. వారి చేతనే వ్రాయించుట మంచిది. ఈమెయిలు చిరునామాలో ఒక్క చుక్క తప్పినను ఉత్తరము చేరదు. పేరు, ఊరు, చిరునామా, ఈ మూడు చాలును. పుట్టినరోజు, ఉద్యోగము, జీతము మనకెందుకు?

ఆ రాత్రియే వారికి ఒక చిన్న ఉత్తరము పంపవలెను. అందులో అమ్మకపు మాట ఉండరాదు. మీరు ఈ దినమున కొన్న చీర ఇది, ఇన్ని నెంబరు నూలు, మొదటి రెండు మారులు విడిగా చన్నీటిలో ఉతుకవలెను, నీడన ఆరవేయవలెను, ఇబ్బంది కలిగినచో ఈ చిరునామాకు వ్రాయుడు అని నాలుగు వాక్యములు చాలును. దీనివలన రెండు లాభములు. చిరునామా తప్పైనచో ఉత్తరము వెంటనే తిరిగి వచ్చును. ప్రదర్శన ముగియకముందే బిల్లు మీది ఫోనుకు చేసి సరిదిద్దుకొనవచ్చును. రెండవది, మన పేరుతో వారికి వచ్చిన మొదటి ఉత్తరము వారికి పనికివచ్చినది యగును. రెండవ ఉత్తరము తెరచుటకు ఇంతకన్న మంచి కారణము లేదు.

పుస్తకములో ఒక్కొక్కరికి ఒక వరుస. పేరు, ఊరు, చిరునామా, కొన్న తేదీ, కొన్నది ఏమి, అడిగిన రంగు ఏది, ఉత్తరము పంపుటకు ఒప్పుకొన్న తేదీ ఏది. నూలు చీరలే కట్టువారికి పట్టు చీర ఉత్తరము పంపుట వృథా. నిరుడు ఆకుపచ్చ అడిగి లేదనిపించుకొన్నవారికి ఈ ఏడు ఆకుపచ్చ దిగినదని వ్రాసినచో అది ప్రకటన కాదు, మాట నిలుపుకొనుట.

అనుమతి యనునది ఇప్పుడు మర్యాద మాత్రమే కాదు, చట్టము కూడ. మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును ఆమోదించినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారీగా అమలునకు రావలసియున్నవి. సమాచారమును ఏ పనికై అడిగితిమో ఆ పనికే వాడవలెననియు, అనుమతి నిచ్చుట ఎంత సులభమో తిరిగి తీసికొనుట కూడ అంత సులభముగా నుండవలెననియు దాని సారాంశము. విదేశములలోని మనవారికి పంపువారు అచ్చటి చట్టములను కూడ ఎరిగియుండవలెను. అమెరికాలో 2003 నాటి చట్టము ప్రకారము వ్యాపారపు ఈమెయిలులో పంపినవారి తపాలా చిరునామా ఉండవలెను. వద్దన్నవారిని 10 పనిదినములలోగా తొలగింపవలెను. ఐరోపాలో 2018 మే నుండి అమలులోనున్న నిబంధనలు ఇంకను గట్టివి.

కొన్న జాబితాలు

లక్ష చిరునామాలు ఇన్ని రూపాయలకు ఇత్తుమని ఫోను చేయువారు కలరు. మనవారిలో కొందరు ఆశపడుచున్నారు. ఇది కొత్త జబ్బు కాదు. కంప్యూటర్ల మధ్య ఈమెయిలు మొదటిసారి 1971లో నడచినది. ఏడేండ్లు తిరుగకముందే, 1978 మేలో, అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి యొకడు తమ కొత్త యంత్రములను గూర్చి దాదాపు 400 మందికి అడుగకనే ఒకే ఉత్తరము పంపినాడు. అందుకొన్నవారు మండిపడినారు. అడుగని ఉత్తరమునకు ఆనాడు కలిగిన కోపమే ఈనాడును కలుగుచున్నది. తేడా యేమనగా ఈనాడు ఆ కోపమును తెలుపుటకు ఒక మీట యున్నది.

ఆ మీట గురించి మనము తెలిసికొనవలెను. జీమెయిలు వంటి వాటిలో “ఇది స్పాము” అని ఒక మీట నొక్కవచ్చును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ కంపెనీలు నియమములు బిగించినవి. అట్లు నొక్కినవారు వేయింటికి ముగ్గురు కాకుండ చూచుకొనవలెను. వేయింటికి ఒక్కరికన్న తక్కువగా నుంచుట క్షేమము. ఆ గీత దాటినచో మన ఉత్తరములు చెత్తబుట్టలో పడును. మనలను కోరి అడిగినవారికి పంపినవి కూడ అందులోనే పడును. అనగా కొన్న లక్ష చిరునామాలు మనము కష్టపడి కూర్చిన ఇన్నూరింటిని కూడ చెరుచును. పుచ్చిన నూలు ఒక్క కట్ట కలిపినచో పడుగంతయు తెగుచుండును గదా, ఇదియు అంతే.

మరియొక హెచ్చరిక. ఇన్నూరుగురికి ఒకేసారి పంపునపుడు అందరి చిరునామాలు అందరికి కనబడునట్లు పంపుట మహాపరాధము. ఒకరి చిరునామా మరియొకరికి చూపు హక్కు మనకు లేదు. ఉత్తరములు పంపిపెట్టు సేవలలో చేరినచో ఒక్కొక్కరికి విడివిడిగా పోవును. చిన్న జాబితాలకు రుసుము తీసికొనని సేవలు కూడ కలవు. మామూలు జీమెయిలు ఖాతానుండి దినమునకు 500 మందికి మించి పంపనీయరు. మనకు అంత అవసరమును లేదు. దానినుండి పంపువారు బీసీసీ అను గడిలోనే చిరునామాలు వేయవలెను.

ఉత్తరములో ఏమి వ్రాయవలెను

“అద్భుత అవకాశము! త్వరపడుడు!” అని అరచు ఉత్తరములు ప్రతివాని పెట్టెలో దినమునకు ఇరువది పడుచున్నవి. మనము అరచినచో ఆ గోలలో కలసిపోదుము. మన వద్ద ఆ కంపెనీల వద్ద లేనిది ఒకటి కలదు. చెప్పుటకు నిజమైన సంగతి కలదు. ఈ వారము ఏ పడుగు ఎక్కినదో, దానిపై ఎన్ని చీరలు వచ్చునో, ఎప్పుడు దిగునో మనకే తెలియును. దానినే చెప్పవలెను. ఒక మచ్చు చూపుచున్నాను. ధరలు, కొలతలు ఎవరివి వారు మార్చుకొనవచ్చును.

విషయము: నీలి పడుగుపై నాలుగు నూలు చీరలు, వచ్చే నెల 10వ తేదీకి

“అమ్మా, నమస్కారము. నిరుడు మీరు మా వద్ద ఎర్రంచు నూలు చీర తీసికొన్నారు. ఇప్పుడు 80 నెంబరు నూలుతో నీలి రంగు పడుగు ఎక్కించినాము. దీనిపై నాలుగు చీరలు మాత్రమే వచ్చును. పేకకు నీలి, ఎరుపు, ఆకుపచ్చ నూలు సిద్ధముగా నున్నది. ఎరుపు పేక వేసినచో డబుల్ షేడు వచ్చును; దాని ఫొటో దిగువ నున్నది. జాకెట్టు గుడ్డతో కలిపి పొడవు 6 మీటర్ల 30 సెంటీమీటర్లు. పార్సెలు ఖర్చుతో 3,200 రూపాయలు. రంగు కోరువారు ఈ నెల 20వ తేదీలోగా వ్రాయవలెను. ఆ తరువాత పేక మార్చుటకు వీలుండదు. ఈ ఉత్తరములు వద్దనుకొన్నచో దిగువ గీత నొక్కుడు, ఇక పంపము.”

ఇందులో గొప్ప పదము ఒక్కటియు లేదు. అయినను కొనువానికి కావలసినవన్నియు కలవు. విషయ పంక్తిలోనే అసలు సంగతి యున్నది. ఎన్ని యున్నవో, ఎంతయో, ఎప్పటికో, ఏ తేదీలోగా చెప్పవలెనో యున్నది. ధర దాచి “అడుగుడు” అని వ్రాయుట మనవారికి అలవాటు. దూరాన నున్నవారు అడుగరు. మరియొక చోట కొందురు.

ఫొటో పగటి వెలుతురులో, నీడపట్టున తీయవలెను. ట్యూబు లైటు క్రింద తీసిన మెరూన్ రంగు చూచి కొన్న ఇల్లాలికి ఇటుక రంగు చీర చేరినచో ఆమె మరల కొనదు. ఒక ఫొటో చీర మొత్తమునకు, ఒకటి అంచు దగ్గరగా, ఈ రెండు చాలును. కొందరు ఉత్తరమంతయు ఒక పోస్టరు బొమ్మగా చేసి పంపుచున్నారు. ఇది తప్పు. అనేకుల పెట్టెలలో బొమ్మలు వెంటనే తెరచుకొనవు. వారికి తెల్లని ఖాళీ గడి కనబడును. మాటలు మాటలుగానే యుండవలెను. ఉత్తరము పొట్టిగా నుండవలెను. జీమెయిలులో ఉత్తరపు బరువు 102 కిలోబైట్లు మించినచో మిగిలినది కత్తిరింపబడును. వద్దనుకొనువారి గీత కూడ అందులో మరుగుపడును.

ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న మనవంటివారికే వచ్చును. షోలాపూరు, భివండీలోని మన ఇండ్లలో తెలుగు మాటలాడి మరాఠీలో చదివిన పిల్లలున్నారు. బరంపురంలో ఒడియా, కర్ణాటకలో కన్నడము, తమిళనాట తమిళము వ్రాయగలవారున్నారు. ఇంట తెలుగు, వీధిలో వేరు భాష అని మనము ఇన్నాళ్లు దీనిని ఇబ్బందిగానే ఎంచుకొంటిమి. ఉత్తరముల విషయములో ఇది పెట్టుబడి. కొనువారి భాషలో, వారి పండుగను వారి పేరుతో పలికి వ్రాయగలవారికి పెద్ద కంపెనీల అచ్చు ఇంగ్లీషు ఉత్తరములు సాటిరావు.

ఎప్పుడు వ్రాయవలెను

దీపావళికి వారము ముందు ప్రతి షాపు ఉత్తరము పంపును. ఆగస్టు 7న కూడ అంతే. 1905లో అదే తేదీన స్వదేశీ ఉద్యమము ఆరంభమైనందుకు గుర్తుగా 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినోత్సవముగా జరుపుచున్నారు. ఆనాడు చేనేత నెరుగనివారు కూడ చేనేత పేరుతో ఉత్తరములు కుమ్మరింతురు. ఆ గుంపులో మనము చేరుట ఎందుకు? షాపువాడు సరకు కొని తెచ్చుకొనును గనుక వారము ముందు చెప్పినను చెల్లును. మనకు పడుగు సాగదీయుట, అచ్చు అతుకుట, కండెలు చుట్టుట, ఆ తరువాత నేత. కనుక మన ఉత్తరము పండుగకు ఆరు లేక ఎనిమిది వారముల ముందు పోవలెను. కర్ణాటకలో వరమహాలక్ష్మి వ్రతమునకు, మహారాష్ట్రలో గుడిపాడ్వాకు, ఒడిశాలో రజోత్సవమునకు, తమిళనాట పొంగలుకు, అన్నిచోట్ల పెండ్లి ముహూర్తములకు ఈ విధముగా వెనుకకు లెక్కించుకొనవలెను. ముందుగా కోరినవారు కొంత సొమ్ము ముందుగా పంపినచో నూలుకు అప్పు చేయు బాధ కూడ కొంత తగ్గును.

ఏడాదికి ఆరు ఉత్తరములు చాలును. చెప్పుటకు ఏమియు లేనపుడు ఊరకుండుట కూడ వ్యాపార ధర్మమే. అయితే ఏడాది పొడవున మౌనముగా నుండి ఒక్కసారి వ్రాసినచో మనలను మరచినవారు స్పాము మీట నొక్కుదురు.

ఉత్తరమునకు ముద్ర

చేనేత గుడ్డకు 2006 నుండి హ్యాండ్లూమ్ మార్క్ అను ముద్ర కలదు. ఇది నిజముగా చేతి మగ్గపు నేత అని అది సాక్ష్యము. అదేవిధముగా ఈ ఉత్తరము నిజముగా ఫలానా వారి వద్దనుండియే వచ్చినదని సాక్ష్యమిచ్చు ముద్రలు ఈమెయిలునకు కూడ కలవు. వాటిని ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అందురు. సొంత పేరుతో వెబ్ చిరునామా తీసికొన్నవారు ఈ మూడింటిని వేయించుకొనవలెను. తెలిసినవారికి ఇది ఒక పూట పని. ముద్ర లేని ఉత్తరములను పెద్ద కంపెనీలు అనుమానముతో చూచుచున్నవి.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ముద్ర కన్న తాళము. వెబ్ చిరునామా ఎవరి పేరున నమోదైనది? సంకేతపదము ఎవరి వద్ద నున్నది? ఎవరో కుర్రవానిచే అన్నియు తన పేరుననే చేయించి, అతడు వేరు ఊరు పోయిన తరువాత సొంత ఉత్తరములు తామే తెరువలేక అల్లాడినవారు కలరు. ఇంటి దస్తావేజును ఇతరుల పేరున వ్రాయింతుమా? ఇదియు అట్టిదే. ఖాతాకు రెండంచెల తాళము వేయవలెను. మోసగాండ్రు మన ఉత్తరములో చొరబడి “మా బ్యాంకు ఖాతా మారినది, డబ్బు ఇక్కడికి పంపుడు” అని మనవలెనే వ్రాయుదురు. కనుక ఖాతా మార్పు ఎన్నడును ఉత్తరములో మాత్రమే చెప్పమని, ఫోనులో కూడ చెప్పెదమని కొనువారికి ముందుగానే తెలిపియుంచవలెను.

ఫలితము ఎట్లు చూడవలెను

ఎందరు ఉత్తరము తెరచినారో సేవల వారు లెక్క చూపుదురు. ఆ లెక్క చూచి మురిసిపోరాదు. 2021 సెప్టెంబరు నుండి ఆపిల్ కంపెనీ తన ఫోనులలో చేసిన ఏర్పాటు వలన, మనిషి చదువకున్నను ఉత్తరము తెరచినట్లే నమోదు కావచ్చును. సగము మందికి ఒక విషయ పంక్తి, సగము మందికి వేరొకటి పంపి ఏది మేలో చూడుడని పుస్తకములు చెప్పును. వేలమంది ఉన్నచోట అది సబబు. నూరుగురికి ఇటు, నూరుగురికి అటు పంపి, ఇటు ఐదుగురు అటు ఏడుగురు కొన్నారని ఏదో తేలినదనుకొనుట భ్రమ. మనము లెక్కింపవలసినవి మూడే: ఎందరు జవాబు వ్రాసినారు, ఎందరు కొన్నారు, ఎందరు వద్దన్నారు. వచ్చిన జవాబులు ఇన్నూరు ఇండ్ల మనసును తెలుపును. “అంచు సన్నగా నుండిన బాగుండును” అని ముగ్గురు వ్రాసినచో అది వచ్చే పడుగుకు డిజైను.

వద్దన్నవారిపై కోపము కూడదు. వారిని ఆ దినమే తీసివేయవలెను. చీర చూచి కొనక పోవువారికి కూడ మంచినీళ్లిచ్చి పంపిన వంశములు మనవి.

మరమగ్గములవారికి ఒక మాట

షోలాపూరు, ఇచల్‌కరంజి, భివండీలలో మనవారిలో అనేకులకు మరమగ్గములే జీవనాధారము. తువాళ్లు, దుప్పట్లు కొనువారు ఇల్లాండ్రు కన్న హోటళ్లు, ఆసుపత్రులు, టోకు వర్తకులు. వారి కార్యాలయములలో పని నడచునదే ఈమెయిలుపై. వారికి కథలు అక్కరలేదు. కొలత, చదరపు మీటరుకు గ్రాముల బరువు, రంగు నిలుకడ, కట్టకు ఎన్ని, ఎన్ని దినములలో అందింతుము, ధర ఎప్పటివరకు చెల్లును, ఇవి ఒక్క పుటలో నుండవలెను. ఇరువదిమంది అట్టి కొనుగోలుదార్లు ఉన్నను ఒక కార్ఖానాకు బలము.

అయితే ఒకటి. మరమగ్గపు గుడ్డను చేనేత అని ఉత్తరములో వ్రాయరాదు. నోటిమాట గాలిలో పోవును. ఉత్తరము కొనువాని పెట్టెలో ఏండ్ల తరబడి సాక్ష్యముగా నుండును. 1985 నాటి చట్టము కొన్ని రకములను చేనేతకే కేటాయించినది. దానికన్న ముఖ్యముగా, ఒకరు అబద్ధమాడినచో మొత్తము మన ఊరి గుడ్డ పేరు చెడును. షోలాపూరు దుప్పటికి, బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరు అందరి ఉమ్మడి ఆస్తి.

వాట్సాప్ ఉండగా ఇది యెందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనది. ఊరిలోనివారికి, దగ్గరి చుట్టములకు వాట్సాప్ చాలును. కాని అందులో ఒక బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మందికి మించి చేరరు. మన నెంబరు తమ ఫోనులో దాచుకొన్నవారికే అది చేరును. ఏ కారణముచేతనైనను ఖాతా మూతబడినచో ఆ దారి కూడ మూతబడును. ఆన్‌లైను బజారులలో అమ్మినచో కొనువాని చిరునామాను పార్సెలుపై చూతుమేగాని, అతనితో సంబంధము ఆ బజారుదే. కొత్త మాస్టరు వీవరు వచ్చినట్లే. ఈమెయిలు చిరునామాల పుస్తకము మాత్రము మనది. ఒక సేవ నచ్చకున్నచో ఆ జాబితాను దింపుకొని మరియొక సేవకు పోవచ్చును. మగ్గము సొంతమా, అద్దెదా అన్నంత తేడా ఇందులో కలదు.

ఎవరు వ్రాయవలెను?

ప్రతి ఇంట చదువుకొన్న ఆడపిల్లయో, కోడలో కలదు. కండెలు చుట్టుట ఆమెపని, పడుగుకు సాయము ఆమెపని. కూలి లెక్కలో మాత్రము ఆమె పేరుండదు. ఇప్పుడీ ఉత్తరముల పని కూడ “ఖాళీగా నున్నపుడు చూడుము” అని ఆమెపై పడవేయుట అన్యాయము. వారమునకు రెండు పూటలు దీనికని విడిచి, నేరుగా అమ్మిన ప్రతి చీరపై ఆమెకు ఇంత అని కట్టవలెను. మగ్గము మీద కూర్చున్నవాని పని ఎంతయో, కొన్నవారి మాటను మగ్గము వరకు తెచ్చినవారి పనియు అంతయే.

సంఘము ఏమి చేయవలెను? సభ్యులందరి చిరునామాలు కలిపి ఒకే పెద్ద జాబితా చేసి సంఘము పేరున అందరి సరకును ప్రకటింపవచ్చును గదా యని అనువారున్నారు. నేను దీనికి ఒప్పుకొనను. కొన్న ఇల్లాలు ఒక ఇంటిని నమ్మి చిరునామా ఇచ్చినది, సంఘమునకు ఇవ్వలేదు. ఉమ్మడి జాబితా కొన్నాళ్లకు పలుకుబడి గలవారి చేతిలో పడి, చిన్నవాని ఇన్నూరు చిరునామాలు పెద్దవాని వ్యాపారమునకు మెట్లగును. ఎవరి పుస్తకము వారిదే. సంఘము చేయదగిన మేలు వేరు. ప్రతి ఊరి శాఖలో ఈ పని తెలిసిన ఒకరిని నియమించి, ముద్రలు వేయించుట, తాళములు సరిచూచుట, మంచి ఫొటో తీయుట నేర్పుట, భాష తెలిసినవారిచే ఉత్తరములు దిద్దించుట చేయవలెను. ఖర్చు స్వల్పము.

వచ్చే ప్రదర్శనకు మూట కట్టుకొను సోదరులు, సోదరీమణులు మూటతోపాటు ఒక గీతల పుస్తకము కూడ పెట్టుకొందురు గాక. మొదటి దినమున పది పేర్లు వచ్చినను చాలును. ఇన్నూరు పూర్తియగు నాటికి, మన చీర ఎవరు కట్టుకొనుచున్నారన్న ప్రశ్నకు మన ఇంటనే జవాబు వ్రాసియుండును.